మడమతో నొక్కిన వేరు

కెయి దీవుల్లోని ఆ ఊళ్లో గుల్లలు ఏరే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, సముద్రపు గడ్డి ఎలా ఉందో చూసి చెప్పమని ఊరు అడిగేది యొసీనానే. ఆటుకి నీరు వెనక్కి తీసినప్పుడు ఆమె మోకాళ్ల లోతున నడిచేది. ఆకులు విడదీసి కొత్త మొలకలు వెతికేది. ఆకుల మీద జిగురు పేరుకుందేమో తడిమి చూసేది. అడుగున నేల గట్టిగా ఉందో, వేళ్లు చచ్చి బురదయిందో పాదంతో తెలుసుకునేది. గడ్డి ఉంటేనే గుల్లలు, పీతలు, చేపపిల్లలు. అవి ఉంటేనే కర్రపెండలం రొట్టెలోకి కూర. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసీ ఊరుకోవడం కూడా అందరికీ అలవాటే.

కిందటేడు గడ్డి పలచబడిందని ఆమే సాసి అనే కట్టడి పెట్టించింది. పాస్టరు ప్రార్థన చేశాక ఒడ్డున కొబ్బరి మట్ట కట్టారు. దాన్ని విప్పేదాకా అక్కడ ఎవరూ చువ్వతో తవ్వకూడదు. "నీకేం, ఒంటి పొట్ట, ఎన్ని సాసిలైనా పెడతావు" అని పక్కింటి దోర్సీ మొహం మీదే అనేసింది. యొసీనా పక్కన నిలబడింది చెల్లెలు ఒర్పా ఒక్కతే. మట్టకి ముడి వేసింది కూడా ఒర్పాయే.

తల్లి పోయాక ఒర్పాని పెంచింది యొసీనా. గుల్లలు తవ్వడం నేర్పిందీ ఆమే. మిగతావాళ్లు గోతులు తవ్వి వదిలేసి పోతారు. యొసీనా మాత్రం ఊడిన వేరును మళ్లీ గోతిలో పెట్టి, మడమతో నొక్కి, అర చుట్టు తిప్పమనేది. ఆ చాదస్తం చూసి ఊరంతా నవ్వింది. నేర్చుకున్నది చెల్లెలు ఒక్కతే.

సాసి నడిచినన్నాళ్లూ ఆదివారం వస్తే ఒర్పా గుల్లల కూర తెచ్చేది. పట్నం బజారులో కొన్నానక్కా, చిక్కి సగమయ్యావు, తిను అనేది. యొసీనా గిన్నె ఊడ్చి మరీ తినేది.

సాసి విప్పే ముందు యొసీనా గడ్డి చూడ్డానికి దిగింది. ఒడ్డు దగ్గర ఒత్తుగా పెరిగింది. మడ చెట్ల చాటున మాత్రం ఎక్కడికక్కడ బోడిగా ఉంది. ఆమెకు ఒళ్లు మండింది. పొరుగూరివాళ్లే తవ్వుకుపోయారని అందరి ముందూ అనేసింది. గడ్డి విషయంలో ఆమె మాటకి ఊళ్లో తిరుగులేదు. మర్నాటికల్లా రెండూళ్ల మగవాళ్లు తెడ్లు ఎత్తి కొట్టుకోబోయారు.

ఎంత గడ్డి పోయిందో సరిగ్గా చూద్దామని ఆమె మళ్లీ వెళ్లింది. ఒక గోతిలో చెయ్యి పెట్టింది. పసుపెక్కిన వేరు తిన్నగా పెట్టి ఉంది. దాని మీద అర చుట్టు తిరిగిన మడమ గుంట ఉంది. పక్క గోతిలోనూ అంతే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను అక్క నేర్పిన పనే పట్టించింది. యొసీనా తడి బట్టలతోనే చెల్లెలి ఇంటికి నడిచింది.

ఒర్పా బుకాయించలేదు.

"అందరూ మానేశారు కదా, నేనొక్కదాన్ని తవ్వితే ఏమవుతుందిలే అనుకున్నా. నువ్వు చెప్పినట్టే వేళ్లు మళ్లీ పెట్టానక్కా."

"నాకు తెచ్చిన కూర?"

"నీకు పెట్టకుండా నేనెలా తింటాను?"

ఆ ప్రేమే యొసీనాకి అన్నిటికంటే ఎక్కువ మంట పుట్టించింది.

సాసి దాటినవాళ్లు గుల్లల దండ మెడలో వేసుకుని చర్చి ముందు నిలబడాలి. నోరు మూసుకుంటే చెల్లెలి పరువు దక్కుతుంది, నింద పొరుగూరి మీదే ఉండిపోతుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరి పెద్ద అడిగాడు, గడ్డి ఎలా ఉందని. బాగాలేదంది యొసీనా. పొరుగూరివాళ్లు ఏ పాపం ఎరగరంది. చెల్లెలి పేరు చెప్పింది. ఆపైన, "రెండు దండలు కట్టండి. తవ్వింది అది, తిన్నది నేను" అంది.

దండలు వచ్చాయి. ఒర్పా ఏడుస్తూనే అక్క మెడ వెనక ముడి వెయ్యబోయింది.

"నువ్వొద్దు" అని యొసీనా దోర్సీ వైపు తిరిగి మెడ వంచింది.