తడిబట్టల తీగ

ఆ వీధిలో అందరూ ఆమెను తీగత్తయ్య అనే పిలిచేవారు. ఆమె పని జాకెట్లు కుట్టడం. మూడంతస్తుల ఇంట్లో పై వాటా ఆమెది. ముందుగదిలో కుట్టుమిషను బల్ల, దానికి ఒక చివర జాకెట్ ముక్కలు, రెండో చివర రేడియో సామాను. బొత్తాల డబ్బాలో సగం అరల్లో బొత్తాలుంటే, మిగతా సగంలో కెపాసిటర్లుండేవి. దారం అయిపోయిన రీళ్లకు రాగితీగ చుట్టి కాయిళ్లు చేసుకునేది. ఇస్త్రీపెట్టె, సోల్డరింగ్ కడ్డీ ఒకే ప్లగ్గు దగ్గర వంతులు వేసుకునేవి.

"ఏంటత్తయ్యా ఈ మాడు వాసన? నా జాకెట్టు కాల్చలేదు కదా?" అని ఎవరైనా కంగారుపడితే, "నీ జాకెట్టు భద్రంగా ఉందిలే. కాలింది నా వేలు" అని నవ్వేసేది.

ఎవరో పారేసిన రేడియోను బాగుచేయడంతో పట్టుకున్న పిచ్చి అది. వదల్లేదు. పరీక్ష రాసి దూరదేశాలవాళ్లతో గాలిలో మాట్లాడుకోవడానికి సర్కారు లైసెన్సు తెచ్చుకుంది. అరచేతిలో పట్టేంత ట్రాన్స్‌మిటర్ తానే కట్టుకుంది. దానికి మాటలు రావు, టెలిగ్రాం కొట్టినట్టు చుక్కలూ గీతలే వచ్చు. పొద్దువాలాక దేవుడికి దణ్ణం పెట్టుకుని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకునేది. ముందు కాసేపు వినేది, ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరడం మర్యాద కాదు కదా. తర్వాత టిక్కు టిక్కుమని పిలిచేది. నెలలు గడిచాయి గానీ ఒక్కరంటే ఒక్కరూ పలకలేదు.

ట్రాన్స్‌మిటర్ నుంచి ఒక తీగ మేడ మీదికి పోయి, ఈ గోడ నుంచి ఆ గోడకు సాగేది. ప్లాస్టిక్ తొడుగున్న మంచి తీగ. పాత బట్టల తీగ తెగిపోతే ఆ కొక్కేలకే దీన్ని కట్టింది. ఇరుగుపొరుగువాళ్లు ఎప్పటిలాగే దాని మీద బట్టలు ఆరేశారు. వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. కింది వాటా వదినైతే రోజూ సాయంత్రం ఆమె రేడియో ముందు కూర్చునేలోపే మేడెక్కి, అందరి బట్టలూ తీసి, మడతపెట్టి, ఎవరి గుమ్మం ముందు వాళ్లవి పెట్టి వెళ్లేది.

"నీకు శ్రమ కదా వదినా?" అంటే, "నా చేతులేమన్నా అరిగిపోతాయా? ఇంతకీ మీవాళ్లెవరైనా పలికారా?" అని అడిగేది.

"ఇంకా లేదు."

"పలుకుతార్లే. గాలి పెద్దది కదా, వెతుక్కుంటున్నారేమో."

ఒకనాడు ఇంటి కమిటీ పెద్దాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. వచ్చినవాడికి ముందు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది.

"చూడమ్మా, మేడ మీద ఆ తీగ ఉండటానికి వీల్లేదు. ఇంటి అందం పాడవుతోంది. పైగా పిడుగులు పడతాయి. ఆదివారం మనిషిని తీసుకొచ్చి తెంపిస్తా."

"ఉరిమితే రేడియో నుంచి తీగ పీకేస్తాను బాబాయ్ గారూ. లైసెన్సు కూడా ఉంది, చూపించమంటారా?"

"లైసెన్సు నీకమ్మా, మా మేడకు కాదు. బట్టల తీగలు తప్ప ఇంకే తీగా ఉండకూడదని కమిటీలో అనుకున్నాం."

"నన్ను అడక్కుండానే అనుకున్నారా?"

"అడిగితే ఒప్పుకుంటావా ఏంటి?"

"ఒప్పుకోను. ఇప్పుడూ ఒప్పుకోవడం లేదు. మీ మనిషి వస్తే నేనూ మేడ మీదే ఉంటాను."

పెద్దాయన ఖాళీ గ్లాసు కింద పెట్టి మెట్లు దిగిపోయాడు. ఆమె భర్త వ్యాను డ్రైవరు, గొడవంటే ఆమడ దూరం. "తీసేద్దాంలేవే. ఇన్నాళ్లూ పలకనివాడు ఇప్పుడు పలుకుతాడా?" అన్నాడు అన్నం తింటూ.

"పలక్కపోతే పలక్కపోనీండి. పిలవాలో మానాలో తేల్చుకోవాల్సింది నేను, కమిటీ వాళ్లు కాదు. మీ వ్యాను స్టార్టు కాకపోతే రోడ్డు మీదే వదిలేసి వస్తారా?"

"తోసుకుంటూ వస్తాను."

"నేనూ తోస్తున్నాననుకోండి."

మర్నాడు ఆయన వ్యానులోంచి కొత్త తాడు తెచ్చి, తీగ వేలాడుతున్నచోట బిగించి కట్టాడు.

శనివారం కింది వదిన చెల్లెలికి బాగాలేదని ఆసుపత్రికి వెళ్లింది. సాయంత్రం సన్నటి జల్లు పడింది, ఉరుమూ మెరుపూ లేవు. బట్టలు గుర్తొచ్చి తీగత్తయ్య మేడ మీదికి పరుగెత్తేసరికి దుప్పట్లన్నీ ముద్దయిపోయాయి. 'తడిసినవి ఎలాగూ తడిశాయి, ఉండనీ' అనుకుని దిగి వచ్చి రేడియో ముందు కూర్చుంది. తెల్లారితే తీగ ఉంటుందో లేదో తెలియదు. దణ్ణం పెట్టుకుంది. వింది. ఎవరూ లేరు. పిలిచింది.

హోరులో నుంచి చుక్కలూ గీతలూ వినిపించాయి.

మొదట చెవుల భ్రమ అనుకుంది. మళ్లీ వినిపించాయి. అవి లైసెన్సుతో పాటు ఆమెకిచ్చిన గుర్తు అక్షరాలే. ఎక్కడో సముద్రానికి అవతల ఎవరో ఒక్కో అక్షరం నెమ్మదిగా కొడుతూ ఆమెను పిలుస్తున్నారు. జవాబివ్వబోయి తొందరలో రెండుసార్లు తప్పు కొట్టింది. అవతలి మనిషి విసుక్కోలేదు, ఇంకా నెమ్మదించాడు. నీ గొంతు చాలా సన్నగా వస్తోంది గానీ ప్రతి అక్షరమూ అర్థమవుతోంది అన్నాడు. మీ ఇంటిల్లిపాదికీ శుభం అని చెప్పి సెలవు తీసుకున్నాడు.

"ఏవండీ! పలికారండీ!"

డ్రైవరు చేతిలో చీపురుతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఎవరే?"

"తెలీదండీ! మంచాయన!"

ఇన్నాళ్లూ లేనిది ఆ రోజే ఎలా పలికారో ఆమెకు మేడ మీద దుప్పట్లు పిండుతుంటే తెలిసింది. తీగ పొడవు కుదరకపోతే పిలుపు దూరం పోదు. పొడవు కుదిరిందో లేదో చూపే మీటరు పెట్టి ఆమె తీగను కొలతకు కత్తిరించింది పొద్దున పూట, అంటే అందరి తడిబట్టలూ దాని మీద ఉన్న వేళ. తడిబట్టలుంటే తీగ ఉన్నదానికన్నా పొడుగ్గా ఉన్నట్టు పనిచేస్తుంది. అందుకే మీటరు ముల్లు సరైన చోటికి వచ్చేదాకా తీగను పొట్టి చేసుకుంటూ పోయింది. సాయంత్రం కాగానే వదిన బట్టలు తీసేసేది, ఆ పొట్టి తీగతో ఆమె లోకాన్ని పిలిచేది. ఒంటి మీద చీర ఉండగా జాకెట్టు కొలత తీసినట్టయింది. ఇరవై ఏళ్ల కుట్టుపనిలో ఆమె అలాంటి తప్పు చేసి ఎరగదు. ఒంటరిగా నిలబడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

ఓ మూరెడు తీగ కలిపితే సరిపోయేది. సంచిలో ఉంది కూడా. కానీ బట్టల తీగలు ఉండొచ్చన్న కమిటీ మాట గుర్తొచ్చి కలపలేదు.

రాత్రి వదిన ఇంటికి రాగానే సంగతంతా చెప్పింది. వదిన బుగ్గ నొక్కుకుంది. "అయ్యో నా చేతులు విరగ! మేలు చేస్తున్నాననుకుని నీ గొంతు నొక్కానా వదినా?"

"నీ మనసు నాకు తెలీదా? రేపు మాత్రం ఒక్క గుడ్డ కూడా మడతపెట్టకు."

ఆదివారం పెద్దాయన కటింగ్ ప్లయరు పట్టిన మనిషిని వెంటబెట్టుకుని మేడెక్కాడు. తీగ కనిపిస్తే కదా! దుప్పట్లు, తువ్వాళ్లు, లంగాలు, పసిపిల్లల గుడ్డలు ఈ కొస నుంచి ఆ కొస దాకా నీళ్లు కారుతున్నాయి. బకెట్లు పట్టుకుని ఆడవాళ్లంతా నిలబడ్డారు. వాళ్లలో పెద్దాయన భార్య కూడా ఉంది.

"ఏంటమ్మా ఇదంతా?"

"బట్టల తీగ బాబాయ్ గారూ. మీరు ఉండొచ్చన్నదే. పొద్దుగూకాక దీంతోనే మాట్లాడుకుంటాను కూడా, దాచడం లేదు. రెండు పనులూ చేస్తుంది."

"మాటలు బాగా నేర్చావు."

"మాటలు కాదండీ, చుక్కలూ గీతలే. నిన్న జవాబు కూడా వచ్చింది. ఇక తీయను."

ప్లయరు పట్టుకున్న మనిషి తీగ పొడవునా చూసుకుంటూ వెళ్లి చివర ఆగాడు. "అయ్యగారూ, ఈ గళ్ల చొక్కా మీదేనా? దీన్ని తీసి తెంపమంటారా, దీంతో పాటే తెంపమంటారా?"

పెద్దాయన భార్య వైపు చూశాడు. ఆవిడ ఇంకో తువ్వాలు దులిపి, తీగ మీద వేసి, క్లిప్పు పెట్టింది.