నవలలోకి దిగివచ్చిన గుర్రం

మా నాన్నకు మాయలూ మంత్రాలూ ఉంటేనే నవల. నాకు సంసారపు కథలు కావాలి. అత్తా కోడలూ ఒకే వంటింట్లో తిరుగుతుండాలి, ఎవరో ఒకరు అలిగి పెరట్లో కూర్చోవాలి. నేత చీరలు అమ్మటానికి బెజవాడ వెళ్ళినప్పుడల్లా ఆయన పాత పుస్తకాల అంగడిలో తనకొకటి, నాకొకటి కొని తెచ్చేవారు. బందరు కాలేజీ నుంచి నేను సెలవులకు ఇంటికొస్తే మా ఇద్దరికీ వాటి మీదే తగువు.

"ఏముంటుందమ్మా అందులో? ఆవకాయ జాడీ ఎవరు పగలగొట్టారో తెలుసుకోవటానికి మూడొందల పేజీలా?" అనేవారు.

"మీ దాంట్లో రాజకుమారుడు గెలుస్తాడని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది కదా నాన్నా."

"తెలుసు గనకే హాయిగా చదువుకుంటాను."

ఆ జవాబు నాకు ఒట్టి మొండివాదంలా తోచేది.

పెళ్ళయి బెజవాడలో కాపురం పెట్టాక, మొదటి పురుటికి పుట్టింటికి వచ్చాను. యుద్ధం రోజులు. పెట్రోలు కరువై హనుమాన్ జంక్షన్ దాకా బొగ్గుతో నడిచే బస్సు, అక్కడి నుంచి మా ఊరికి ఎద్దుబండి. ఆ కుదుపులకో ఏమో, నెల ముందే నొప్పులు మొదలయ్యాయి. అప్పటికి నా చేతిలో ఒక నవల సగంలో ఉంది. అందులో వకీలుగారి కోడలి గొలుసు ఆడపడుచు తీసుకుని తిరిగి ఇవ్వటం లేదు. ఇంతలో ఆ కోడలి చంటిబిడ్డకు జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది. కాలవ అవతలి ఊరి నుంచి డాక్టరు రావాలి. బయట వాన. ఆ పేజీ మడిచి పురిటి గదిలోకి వెళ్ళాను.

నాకు కొడుకు పుట్టాడు. నెల తక్కువవాడు, గుప్పెడంత ఉన్నాడు. మంత్రసాని భయం లేదంది. డాక్టరమ్మ వచ్చి చూసి ఆమె కూడా అదే మాట అంది. నాకు మాత్రం వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే గాని కన్ను మూతపడేది కాదు. ఇప్పుడు ఇల్లంతా పరుగులు పెడుతున్నాడు గదా, అయినా ఇది రాస్తూ కూడా ఒకసారి లేచి చూసి వచ్చాను. దానికి తోడు, ఆ నవలలో బిడ్డ బతికితే నా బిడ్డా బతుకుతాడని ఒక పిచ్చి ఆలోచన పట్టుకుంది. తర్కశాస్త్రం చదువుకున్నదాన్ని. అందులో అర్థం లేదని నాకు తెలుసు. తెలిసినా అది నన్ను వదలలేదు.

పుస్తకం తీసి చూద్దామంటే అమ్మ ముట్టుకోనివ్వలేదు. బాలింత చదివితే చూపు పోతుందని మా వైపు నమ్మకం. మూడో నెల వచ్చేదాకా అక్షరం చూడకూడదు.

"పోనీ, వినొచ్చా?" అని అడిగాను.

బాలింతకు చలిగాలి తగలకూడదని నా చెవుల్లో దూది కుక్కింది అమ్మే. కాసేపు ఆలోచించి, "గట్టిగా చదివితే వినపడుతుందిలే" అంది.

అలా మా నాన్న మొదటిసారిగా సంసారపు నవల పట్టుకున్నారు. మా ఇంటి మగ్గాల మీద నేసేవాళ్ళు అన్నాలకు వెళ్ళిన వేళ గుమ్మం అవతల పీట వేసుకుని, నేను మడిచిన పేజీ తెరిచారు. ఆ పేజీ చదివారు. పుస్తకం మూసి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చారు. గొంతు సవరించుకుని మళ్ళీ అందుకున్నారు.

"కాలవ మీద వంతెన తెగిపోయినది. డాక్టరుగారు గట్టున నిలబడి విచారించుచుండగా, ఆకాశము నుండి ఒక తెల్లని గుర్రము దిగినది. దానికి రెక్కలుండెను."

"నాన్నా, వకీలుగారి ఊళ్ళోకి రెక్కల గుర్రం ఎక్కడిది?"

"రాసినాయన దింపాడు. మధ్యలో అడ్డం రాకు."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "ఏవండీ, మరి ఆ డాక్టరు మందుల పెట్టె ఎక్కడ పెట్టుకున్నాడు?"

"ఒళ్ళో పెట్టుకున్నాడు. నువ్వు పప్పు చూసుకో, మాడు వాసనొస్తోంది."

బాలింతనని నడుముకు బిగించిన నడికట్టు ఊడిపోయేటట్టు నవ్వాను. ఆ నవ్వుకు పిల్లవాడు ఉలిక్కిపడి కేరుమన్నాడు. అంత పెద్ద ఏడుపు వాడి నోటి నుంచి రావటం అదే మొదలు. అమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "వీడా నెల తక్కువవాడు? పక్క వీధి లేచి కూర్చుంది" అంది.

రోజూ మధ్యాహ్నం గుర్రం వచ్చేది. ఒకరోజు మూలికలు తెచ్చింది, ఇంకొకరోజు అత్తగారిని ఎక్కించుకుని ఊరు దాటించింది. నాన్న కథలో బిడ్డకు ఏమీ కాదని నాకు ముందే తెలుసు. తెలిసి వినటంలో ఎంత హాయి ఉందో అప్పుడు తెలిసివచ్చింది. కాలేజీలో ఎన్ని పుస్తకాలు చదివినా ఎవరూ నాకు ఆ సంగతి నేర్పలేదు. సంసారపు నవల మన ఇంటినే మనకు చూపిస్తుంది. కాని ఆ ఇంట్లో భయం ఉన్నప్పుడు, కాసేపు గోడలు దాటించే గుర్రం కూడా కావాలి.

అయినా ఒక ముల్లు మిగిలే ఉంది. నాన్న అంత కష్టపడి కల్పిస్తున్నారంటే, అసలు పుస్తకంలో బిడ్డ పోయే ఉండాలి.

మూడో నెల వచ్చింది. వసారాలో నాన్న మనవణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చున్నారు. నేను పుస్తకం తెచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"నాన్నా, నిజం చెప్పండి. ఆ బిడ్డ ఏమైంది?"

ఆయన పిల్లవాడి కాలివేళ్ళు సవరిస్తూ, "నాకేం తెలుసమ్మా" అన్నారు.

"చదివారు కదా."

"మొదటి నుంచి నువ్వు మడిచిన పేజీ దాకానే. దాన్ని తిప్పటానికి నాకు చేతులు రాలేదు."

ఇన్నాళ్ళూ ఆయన నా కోసమే భయపడుతున్నారనుకున్నాను. ఆయనదీ నా పిచ్చి భయమే. "సరే, ఇప్పుడు నేను తిప్పుతాను" అన్నాను. నాన్న పిల్లవాణ్ణి గుండెకు హత్తుకున్నారు.

రెండే రెండు వాక్యాలు. తెల్లవారుజామున బిడ్డకు చెమట పట్టి జ్వరం దిగింది. డాక్టరు వచ్చేసరికి తల్లి ఒళ్ళో పాలు తాగుతూ ఉంది.

పైకి చదివాను. పిల్లవాడి గుప్పిట్లో నాన్న మీసం చిక్కుకుంది.

"అంతేనా?" అన్నారు నాన్న, కళ్ళు తుడుచుకుంటూ.

"అంతే."

"సరే గాని, ఆ ఆడపడుచు వకీలుగారి కోడలి గొలుసు తిరిగి ఇచ్చిందా లేదా? అక్కడి నుంచి చదువు."

అమ్మ అన్నాలకు పిలిచేదాకా చదువుతూనే ఉన్నాను.