మైకులో అబద్ధం చెప్పని బీరాన్ కాక

మా నెల్లిప్పొయిల్‌లో కోతలైపోయి పొలం గట్టిపడగానే ముందుగా వచ్చేది బంతి కాదు, బీరాన్ కాక గొంతు. జీపు మీద రెండు లౌడ్‌స్పీకర్లు, ముందు సీట్లో కాక, చేతిలో మైకు. "ప్రియమైన ఫుట్‌బాల్ ప్రేమికులారా! ఈరోజు సాయంత్రం సరిగ్గా నాలుగున్నరకు, బియ్యం మిల్లు పక్క పొలంలో..." అని మొదలుపెట్టాడంటే కొబ్బరిచెట్టు మీదున్న కల్లుగీత మనిషి కూడా చెయ్యి ఆపి వింటాడు. ఆడబోయే జట్టు ఎంత చచ్చుదైనా కాక నోట్లో పడితే సింహాల మంద అయిపోతుంది.

ముప్ఫై ఏళ్లు దాటింది, ఆ గొంతు వినడం మొదలుపెట్టి. సీజన్ నాలుగు నెలలూ ఆయన మైకు పట్టుకుంటాడు, మిగతా ఎనిమిది నెలలూ, సీజన్‌లో జీపెక్కని పూటలూ బస్టాండు అరుగు మీద కూర్చుని గొడుగులు బాగుచేస్తాడు. గొడుగులు బాగుచేసే బీరాన్‌ని ఎవరూ తలెత్తి చూడరు. చిల్లు పడ్డ గొడుగు ముందు పడేసి, సాయంత్రానికి కావాలని చెప్పి పోతారు. అదే మైకు పట్టిన బీరాన్ వీధిలోకి వస్తే వంటింట్లో ఉన్న ఆడవాళ్లు కూడా గుమ్మంలోకి వస్తారు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. ఆ నాలుగు నెలల కోసమే మిగతా ఎనిమిదీ గడుపుతాడని నా అనుమానం.

నా పేరు వేలుక్కుట్టి. ఆ అరుగుకి ఎదురుగా ఉన్న చాయ దుకాణం నాది. కాక బ్రదర్స్ క్లబ్బు మనిషి, నేను యువతార. ఊరికి ఉన్నవి ఈ రెండు జట్లే. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు మా ఊళ్లో అడిగే మూడో ప్రశ్న, ఏ క్లబ్బని.

జీపెక్కిన మనిషి ఏ పక్షమూ వహించకూడదన్నది టోర్నమెంటు కమిటీ నియమం. కాక దాన్ని ప్రాణం పోయినా తప్పడు. ఒకసారి పనిగట్టుకుని విన్నాను, బ్రదర్స్‌కు ఎన్ని పొగడ్తలు వేశాడో యువతారకూ సరిగ్గా అన్నే వేశాడు. అలా రోజంతా మింగిన మాటలన్నీ మర్నాడు పొద్దున్నే నా దుకాణంలో కక్కేవాడు.

"వేలూ, మీవాళ్లు ఘానా నుంచి కొత్త ఫార్వర్డ్‌ని దింపుతున్నారటగా?" అన్నాడు ఈ సీజన్ మొదట్లో, పాలు లేని చాయ ఊదుకుంటూ.

"అవును కాకా. ఆరడుగుల రెండంగుళాలు."

"అంత పొడుగెందుకురా, కొబ్బరికాయలు దింపించడానికా? ఫోటో చూశాను. ఆ మోకాళ్లు మోకాళ్లలా లేవు. మూడు మ్యాచ్‌లు ఆడతాడు, నాలుగోదానికి నీ బల్ల మీద కూర్చుని పళంపొరి బజ్జీలు తింటాడు. రాసిపెట్టుకో."

"మరి మీ గోల్‌కీపర్ సంగతి? వాణ్ని పక్క ఊరి క్లబ్బు ఎగరేసుకుపోతోందని విన్నాను."

"పోనీరా. బంతి వస్తుంటే ముందు జుట్టు సర్దుకుంటాడు వాడు. వాళ్ల గోల్‌లో నిలబడితే మనకే లాభం."

ఇలాగే ఉంటుంది. ఏ క్లబ్బు ఎవర్ని తెచ్చింది, ఎవర్ని వదిలేసింది, ఎవరి మేనేజరు ఎవరితో చాయ తాగాడు, అన్నిటి మీదా ఆయనకో తీర్పు ఉంటుంది. వినడానికి చిరాకే. కానీ ఘానా అబ్బాయి నాలుగో మ్యాచ్ రోజున మోకాలికి కట్టుతో నా దుకాణంలో కూర్చుని నిజంగానే పళంపొరి తిన్నాడు. ఒకటి కాదు, మూడు. నేను ఆ సంగతి కాకకు చెప్పలేదు. ఆయనే అరుగు మీంచి చూసి గొడుగు ఊపాడు.

రెఫరీల మీద ఆయన అభిప్రాయాలు మాత్రం ఇక్కడ రాయదగ్గవి కావు. అందులోనూ అచ్యుతన్ మాష్ పేరు వస్తే కాక మొహం కందగడ్డ అయిపోతుంది. మాష్ మా హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మాష్టారు, జిల్లాలో పేరున్న రెఫరీ. వాళ్ల గొడవ తొంభై ఆరు ఫైనల్‌నాటిది.

మా పొలానికి కరెంటు బియ్యం మిల్లు నుంచి లాగుతారు. వైరు పొట్టిది కనుక మైకు బల్ల ఎప్పుడూ మిల్లు వైపు గోల్ పక్కనే వేస్తారు. ఆ ఏడు ఫైనల్ మా రెండు జట్ల మధ్యే. ఒకటి ఒకటి మీద ఉండగా బ్రదర్స్ వాడు కొట్టిన బంతి అడ్డకర్రకు తగిలి కింద పడింది, మా కీపర్ దాన్ని ఎత్తి బయటికి విసిరేశాడు. గీత దాటిందా, లేదా? పది అడుగుల దూరంలో ఉన్న కాక దాటిందనుకుని "గోల్! బ్రదర్స్ రెండు, యువతార ఒకటి!" అని మైకులో అరిచేశాడు. బ్రదర్స్ వాళ్లు టపాకాయలు కూడా కాల్చేశారు. మాష్ ఈల వేయలేదు. ఆట సాగనివ్వమని చెయ్యి ఊపాడు. రెండు నిమిషాల్లో మేం గోల్ కొట్టి కప్పు పట్టుకుపోయాం.

బంతి గీత దాటిందో లేదో నన్నడక్కండి. నేను చూడలేదు. చూసినా చెప్పను.

అంతటితో పోయినా బాగుండేది. కమిటీవాళ్లు కాక చేత మైకులోనే చెప్పించారు: "ఇంతకు ముందు చేసిన ప్రకటన పొరపాటు. రెఫరీ నిర్ణయమే తుది నిర్ణయం." మైకులో తాను పలికిన ఒకే ఒక్క అబద్ధం అదేనని కాక లెక్క. ఇక చస్తే పలకనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

"మరి చచ్చు జట్లను సింహాలంటారుగా కాకా, అది అబద్ధం కాదా?" అని ఒకసారి గిల్లాను.

"అది పొగడ్తరా. పెళ్లికొడుకుని చంద్రుడంటే ఎవడైనా ఆకాశం వంక చూస్తాడా? జరిగినదాన్ని జరగలేదనడం అబద్ధం. నీకు తేడా తెలీదు, యువతార మనిషివి."

అప్పటినుంచి మాష్ ఎదురైతే కాక రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. "దొంగ. యువతారకు అమ్ముడుపోయాడు" అని నా దుకాణంలో వినని మనిషి లేడు. మాష్ కూడా ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నా దుకాణం మెట్టెక్కలేదు. ఆ విధంగా నాకు ఒక ఖాతాదారు పోయాడన్నది నా సొంత బాధ.

ఈ ఏడు మళ్లీ ఫైనల్‌కు బ్రదర్స్, యువతారే వచ్చాయి. మాష్‌కు అదే ఆఖరి మ్యాచ్, ఆ తర్వాత ఈల పక్కన పెట్టేస్తున్నాడు. ఫైనల్‌కు వారం ముందు కమిటీ సెక్రటరీ అబూట్టి ఒక కాగితం పట్టుకుని నా దుకాణానికొచ్చాడు. కాక అక్కడే ఉన్నాడు.

"కాకా, ఫైనల్ అయ్యాక మాష్‌కు సన్మానం. ఇది మీరు మైకులో చదవాలి."

కాక కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివాడు. "నిష్పక్షపాతి, నిజాయితీకి నిలువుటద్దం అయిన శ్రీ అచ్యుతన్ మాష్..." అంతే, కాగితం తిప్పి బల్ల మీద పెట్టేశాడు. "ఇంకెవరి చేతైనా చదివించుకో."

"మీరు చదవకపోతే ఎలా కాకా? ఈ ఊళ్లో మైకంటే మీరేగా."

"అబూట్టీ, నా నోటితో నేనిది అనను. దొంగని దొరంటే రేపణ్ణుంచి నేను జీపు మీద ఏం చెప్పినా నాకే నమ్మకం ఉండదు."

 అప్పుడు అబూట్టి అసలు మాట బయటపెట్టాడు. కోళికోడులో ఎవరో కుర్రాడి గొంతు రికార్డు చేసి ఇస్తున్నారట, ఊళ్ల పేర్లు మారిస్తే చాలట. కమిటీలో సగం మందికి అదే నచ్చింది. "మీరు ఫైనల్ రోజున కూడా మాష్‌తో గొడవే పెట్టుకుంటే, వచ్చే ఏడు జీపు మీద ఆ గొంతే పెడతారు కాకా. నేను ఆపలేను. అది ఎవరితోనూ పోట్లాడదు."

 కాక చదువుతాననీ అనలేదు, చదవననీ అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని అరుగు మీదకు పోయి, ఎప్పుడో బాగుచేసేసిన గొడుగునే విప్పడం, ముడవడం చేస్తూ కూర్చున్నాడు. నాకు జాలేసింది. బ్రదర్స్ మనిషి మీద జాలిపడటం నాకు అలవాటు లేని పని, అందుకని ఇంకో చాయ పంపి ఊరుకున్నాను.

ఆ వారమంతా జీపు తిరిగింది. గొంతు ఎప్పటిలాగే ఖంగుమంది. పొద్దున్నే దుకాణానికి వచ్చి చాయ తాగేవాడు గానీ దేని మీదా తీర్పు చెప్పేవాడు కాదు. మా ఘానా అబ్బాయికి మోకాలు నయమైందని నేనే కదిలించినా, "మంచిది" అని ఊరుకున్నాడు. భయమేసింది నాకు.

ఫైనల్‌ నాడు పోకచెట్ల మొద్దులతో కట్టిన గ్యాలరీ కిక్కిరిసిపోయింది. నేను మైకు బల్ల వెనకే చోటు పట్టాను. సగం ఆటకి ఒకటి సున్నా, మాది. రెండో సగంలో ఒకటి ఒకటి. ఇంకో మూడు నిమిషాలుందనగా బ్రదర్స్ వాడొకడు మిల్లు వైపు గోల్ మీదికి గట్టిగా కొట్టాడు. మా బ్యాక్ అడ్డం పడ్డాడు. బంతి అతని భుజానికి తగిలి పక్కకు పోయింది. భుజానికే. నేను చూశాను, ఈసారి చెబుతాను కూడా.

వెనక ఎక్కడో ఉన్న మాష్ పరుగెత్తుకుంటూ వచ్చి ఈల వేశాడు. బంతి చేతికి తగిలిందని సైగ చేశాడు. పెనాల్టీ!

మావాళ్లు మాష్ చుట్టూ మూగి మొత్తుకున్నారు. ఆయన వినలేదు. బ్రదర్స్ వాళ్లు పెనాల్టీ కొట్టారు, రెండు ఒకటి, కప్పు వాళ్లది. నాకు ఒళ్లు మండిపోయింది. కాక వంక చూశాను, ఎగిరి గంతేస్తాడని. ఆయన స్కోరు చెప్పి, మైకు బల్ల మీద పెట్టి, మాష్ వంకే చూస్తూ కూర్చున్నాడు.

కప్పు ఇచ్చారు. మాష్‌కు శాలువా కప్పారు. అబూట్టి కాక వంక చూసి తలూపాడు. కాక జేబులో చెయ్యి పెట్టి కాగితం తీశాడు, విప్పాడు, మళ్లీ మడిచి లోపల పెట్టేశాడు. లేచి నిలబడి మైకు తీసుకున్నాడు. 

"ఫుట్‌బాల్ ప్రేమికులారా, ఒక మాట. మా బ్రదర్స్‌కు ఇప్పుడు దొరికిన పెనాల్టీ పెనాల్టీ కాదు. బంతి తగిలింది భుజానికి. ఇక్కణ్ణుంచి నాకు పన్నెండడుగులు."

బ్రదర్స్ గ్యాలరీ భగ్గుమంది. "కాకా, మీకు పిచ్చా!" "మైకాపండి!" అబూట్టి వైరు పీకుదామని పరుగెత్తాడు గానీ అది తగిలించి ఉన్నది మిల్లు లోపల, మిల్లుకి తాళం.

"అరవకండి. రెఫరీ నిర్ణయమే తుది నిర్ణయం. కప్పు మాదే, ఎవడికీ ఇవ్వం" అన్నాడు కాక. మా వైపు కూడా నవ్వులు లేచాయి. ఆయన గొంతు తగ్గించాడు. "కానీ ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ మనిషిని నేను దొంగన్నాను. యువతారకు అమ్ముడుపోయాడన్నాను. ఇవాళ ఈ పెనాల్టీ చూశాక నాకు ఒకటే ఆలోచన. అమ్ముడుపోయేవాడు మాకెందుకు అమ్ముడుపోతాడు? మాలో ఒక్కడైనా ఈయనకో చాయ పోయించాడా? ఎదురుపడితే నమస్కారం పెట్టామా? నేనైతే రోడ్డే మారాను."

కాక మాష్ వైపు తిరిగాడు.

"అందుకని చెబుతున్నాను. ఈయన దొంగ కాదు. ఈయనకి కళ్లు కనబడవు. అంతే! తొంభై ఆరులో మా గోల్ కనబడలేదు, ఇవాళ వాళ్ల భుజం కనబడలేదు. ఎవరి పక్షమైనా కనబడదంతే. ఇంతకంటే పక్షపాతం లేని మనిషి జిల్లాలో లేడు. అచ్యుతన్ మాష్ నిజాయితీ గల రెఫరీ. నన్నెవరో చదవమంటే అన్న మాట కాదిది, నా నోటి మాట. ఇన్నేళ్లూ తప్పుగా అన్నాను మాష్, క్షమించండి."

ముందు మావాళ్లే చప్పట్లు మొదలుపెట్టారు, కప్పు పోగొట్టుకున్నవాళ్లు. తర్వాత అటువైపూ అందుకున్నారు. మాష్ శాలువాతో కళ్లొత్తుకుంటూ బల్ల దగ్గరికొచ్చి మైకు అడిగి తీసుకున్నాడు.

"ఇరవై ఎనిమిదేళ్లు బీరాన్ కాక నన్ను దొంగన్నాడు. ఇవాళ గుడ్డివాడన్నాడు. నాకింత పెద్ద సన్మానం ఎవరూ చెయ్యలేదు" అన్నాడు. జనం కడుపుబ్బ నవ్వారు. ఆయనా నవ్వాడు, కానీ మైకు తిరిగి ఇస్తూ కాక చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

జనం కదిలాక అబూట్టి చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "మీతో చచ్చిపోతున్నాను కాకా. వచ్చే ఏడు జీపు టైముకి తెస్తాను, మీరు టైముకి ఎక్కండి" అని విసుక్కుంటూ పోయాడు. కాక ఆ మాట విన్నాడో లేదో తెలీదు, వైరు చుట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. గొంతు బాగా తగ్గించి, ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూసి అడిగాడు.

"వేలూ, నేనేమైనా ఎక్కువ మాట్లాడానా?"

"లేదు కాకా. బాగా మాట్లాడారు" అన్నాను.

ముప్ఫై ఏళ్లుగా నా బల్ల మీద కూర్చుని లోకంలోని ప్రతిదాని మీదా తీర్పు చెబుతూ వచ్చిన మనిషి, తన మాట మీద నా అభిప్రాయం అడగడం అదే మొదటిసారి.