పొగ రాని కుంపటి

పొయ్యి గురించి నాకు ఇంకొకరు చెప్పాల్నా అనే గర్వం మొదట్నుంచీ ఉండేది నాకు. కడప పక్కన పల్లెలో పుట్టి, ఏడేండ్లకే ఊదుగొట్టం చేతబట్టినదాన్ని. కంపచెట్టు కట్టె ఎట్ల మండుతాది, తుమ్మ కట్టె ఎంతసేపు నిలుస్తాది, తడిసిన కట్టెను ఏ పక్క పెడితే అంటుకుంటాది, అన్నీ నాకు వచ్చు. దూరం నుంచి పొగ చూసి, ఆ ఇంట్లో పచ్చికట్టె పెట్టినారే అని చెప్పేదాన్ని. నాకు తెలియంది కూడా ఒకటి ఉంటాదని ఒప్పుకునే గుణం మాత్రం నాకు పుట్టుకతోనే లేదు. నోరు ముందు పుట్టి నువ్వు తర్వాత పుట్టినావే అని మా అమ్మ అంటాండె. ఆయమ్మ ఊరికే అనలేదు.

కువైట్‌లో నేను పనిచేసిన ఇల్లు సల్వాలో ఉన్నింది. ఇంటాయన్ను బాబా అనేదాన్ని, ఆయన భార్యను మామా అనేదాన్ని. బాబా తల్లి డెబ్బై దాటిన మనిషి, ఆమెను పెద్ద మామా అనేదాన్ని. ఆమెకు ఉబ్బసం. చలికాలం వస్తే రాత్రీ పగలూ దిండుకు ఆనుకొని కూర్చునే ఉండేది. మా ఇంటి డ్రైవరు రాయచోటి సాయిబు, నాకంటే పదేండ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు. పరాయి దేశంలో నాకు పుట్టింటి మనిషంటే ఆయన ఒక్కడే.

ఇరాక్ సైన్యం వచ్చిన ఆ ఆగస్టులో బాబా, మామా, పిల్లలు సెలవలకని వేరే దేశం పోయి ఉన్నారు. పెద్ద మామా విమానం ఎక్కదు, ఆమెకు ఊపిరాడదు. పోతాపోతా వాకిట్లో మామా నా చెయ్యి పట్టుకొని, అత్తను నీ చేతిలో పెట్టిపోతాండా, నేను వచ్చేసరికి ఎట్ల ఉన్నదాన్ని అట్ల నాకు అప్పజెప్పాల అనింది. మూడు వారాల మాట అనుకొని సరే అన్నాను. అది ఎనిమిది నెలలు దాటింది.

మనవాళ్లు గుంపులు గుంపులుగా బస్సులెక్కి బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అక్కడ్నుంచి విమానాల్లో ఇండియాకు పోతాండారు. డ్రైవరన్న నన్నూ పంపిస్తానన్నాడు. ఊర్లో నా బిడ్డకు అప్పుడు నాలుగేండ్లు. పోవాలని ఎవురికుండదు? మూట కూడా కట్టుకున్నాను. పెద్ద మామా పోవద్దని అనలేదు. మంచం మీద కూర్చొని నోట్లో కొట్టుకునే మందును తానే కొట్టుకోబోయి, వేళ్లల్లో బలం లేక రెండుసార్లు జారవిడిచింది. నేను మూట విప్పేసినాను. నన్ను చూసి డ్రైవరన్న కూడా నిలిచిపోయినాడు. ఆ దినం నుంచి నాకున్నది ఒకటే పని: ఆయమ్మను ఊపిరితో ఆయమ్మ కొడుకు చేతికి ఇచ్చేది. దేవుడికి మొక్కినా అదే మొక్కేదాన్ని.

సైనికులు రెండుసార్లు ఇల్లు వెతికినారు. దాచుకున్న బియ్యం, పప్పు, మందులు కాపాడుకుంటా, ముసలామెను బిడ్డ మాదిరి చూసుకుంటా చలికాలం గడిపినాను. ఆఖరికి సైన్యం పారిపోయింది. ఖలాస్, గండం గడిచింది, ఇంగ వాళ్లు వచ్చేస్తారు అని నేనూ డ్రైవరన్నా పెరట్లో నిలబడి ఏడ్చినాము. అయితే పోతాపోతా వాళ్లు నూనె బావులన్నిటికీ నిప్పు పెట్టి పోయినారు. పొద్దున పది గంటలకు చీకటి. ఆకాశం నుంచి మసి రాలేది. ఆరేసిన గుడ్డ తెల్లగా ఉంటే ఒట్టు. ఎండ తగలక చలి ఇంకా ఎక్కువైంది. కరెంటు లేదు, గ్యాసు అయిపోయి ఎన్నో దినాలైంది, నీళ్లు ట్యాంకరు దగ్గర నిలబడి పట్టుకోవాల.

ఉబ్బసం మనిషికి అట్లాంటి గాలి ఎంత నరకమో నేను కళ్లారా చూసినాను. దగ్గి దగ్గి పెదాలు నీలం తిరిగేవి. అప్పుడు పట్టుకునింది నన్ను ఈ పొయ్యి పిచ్చి. వండాల, ఆమెకు వెచ్చగా ఉండాల, ఒక్క పిసరు పొగ లోపలికి రాకూడదు. అట్లాంటి పొయ్యి ఏది?

ముందు పెరట్లో మూడు రాళ్లు పెట్టి, విరిగిన కుర్చీలు, పండ్ల పెట్టెల చెక్కలు మంటేసినాను. ఉడికే గంజిలో మసి రాలింది. పొగ వంటింట్లోకి తిరిగొచ్చింది. ఆ రంగు పూసిన చెక్కలు మండితే వచ్చే వాసన, అబ్బబ్బా, నాకే గొంతు పట్టేసింది. ఇంగ ముసలామె సంగతి చెప్పాల్నా.

డ్రైవరన్న కార్ల షెడ్లుండే షువైఖ్ పోయి, తెలిసిన మెకానిక్కు షెడ్డులో పొయ్యి చేయించుకొని వచ్చినాడు. గ్రీజు డబ్బా లోపల ఇంకో డబ్బా, కింద బొక్కలు, పైన బొక్కలు. కింది బొక్కల నుంచి గాలి పోయి కట్టె మండుతాదంట, మిగిలిన పొగ పై బొక్కల దగ్గరికి వచ్చి అదీ మండిపోతాదంట. దానికి కారు సైలెన్సరు గొట్టం తగిలించి వంటింటి కిటికీలో నుంచి బయటికి పెట్టినాడు. నిజం చెప్పాలంటే అది మంచి పొయ్యి. నాలుగు చెక్క ముక్కలతో అన్నం, పప్పు రెండూ అయినాయి. అయితే డబ్బాకు, గొట్టానికి నడుమ వేలు పట్టేంత సందు ఉండి, అక్కడ్నుంచి పొగ వచ్చింది. పక్క గదిలో పెద్ద మామాకు దగ్గు మొదలైంది. ఆ సందు మూసే మూతి ఒకటి వెతికి తెస్తాను, రెండు దినాలు ఓపిక పట్టు అన్నాడాయన. నాకు ఓపికా? నీ కారు గొట్టం నువ్వే పెట్టుకో, ముసలామె సచ్చినాక తెస్తావా మూతి అని నోటికొచ్చినట్టు తిట్టినాను. ఆయన మళ్లీ షువైఖ్ పోయి, ఆ మూతి దొరికేదాకా షెడ్డులోనే ఉండిపోయినాడు.

ఆయన అట్ల పోంగానే నేను సామాన్ల గదిలోకి పోయి కుంపటి తీసినాను. వాళ్లు దాన్ని దువ్వా అంటారు. చలికాలంలో బొగ్గులేసి, మీద కాఫీ కాచుకొని, చుట్టూ కూర్చుంటారు. ఎడారిలో గుడారాలేసుకునేదానికి తెచ్చిన బొగ్గు మూట కూడా అక్కడే ఉన్నింది. పెరట్లో బొగ్గులు బాగా ఎర్రబడినాక లోపలికి తెచ్చి ఆమె మంచం పక్కన పెట్టినాను. పొగ లేదు, వాసన లేదు, మసి లేదు. గది వెచ్చబడింది. ఇంత సులువైన దాన్ని వదిలిపెట్టి డబ్బాలు, గొట్టాలు అని తిరిగితిమే అని నవ్వుకున్నాను.

నేను బాలింతగా ఉన్నప్పుడు మా అమ్మ నులకమంచం కింద కుంపటి పెట్టి, సాంబ్రాణి చల్లి, పదకొండు దినాలు నన్నూ బిడ్డనూ కాచింది. మా పక్క ప్రతి బాలింతకూ అదే. పసిగుడ్డుకు పనికొచ్చే కుంపటి ముసలామెకు ఏం చేస్తాది? అయితే మా అమ్మ ఇంటికి బోదగడ్డి కప్పు, గోడకూ కప్పుకూ నడుమ పిచ్చుకలు దూరేంత సందు. ఈ ఇంటికి పాలరాయి నేల, అల్యూమినియం కిటికీలు. విషగ్యాసు బాంబులు వేస్తారని జనవరిలో ఇంటింటా చేసినట్టు, ఆ కిటికీలకు నేనే చుట్టూ వెడల్పాటి టేపు అంటించినాను. ఇప్పుడు మసి రాకుండా ఇంకొక వరస అంటించి, తలుపు కింద తడిగుడ్డ కుక్కినాను. ఆ తేడా నా బుర్రకు తట్టలేదు.

మొదటి దినం ఆమెకు దగ్గు తగ్గింది. రెండో దినం ఎక్కువసేపు నిద్రపోయింది. సంతోషపడినాను. ఆ గదిలో కూర్చుంటే నాకు తలనొప్పి వచ్చేది, కడుపులో తిప్పేది. తిండి సరిగ్గా లేక, టీ లేక అనుకున్నాను. పెరట్లోకి వస్తే తగ్గిపోయేది. అది కూడా చూసినాను, చూసి వదిలేసినాను.

మూడో దినం పొద్దున కొత్త బొగ్గులేసి, తలుపు మూసి, నీళ్ల ట్యాంకరుకు పోయినాను. వరస పెద్దది. మధ్యాహ్నం బిందెలు మోసుకొచ్చి తలుపు తీసి చూస్తే ఆమె పక్కకు తిరిగి పండుకుని ఉంది. చెంపలు ఎర్రగా ఉన్నాయి. ఏడు నెలల్లో ఆ మొహంలో అంత రంగు ఎప్పుడూ చూడలేదు. వెచ్చదనానికి రక్తం పట్టిందే అని మురిసిపోయినాను. లేపకుండా తలుపు దగ్గరికేసి, పోయి గంజి కాచినాను. ఆ గంజి తెచ్చి భుజం మీద చెయ్యి వేసినాక తెలిసింది నాకు.

నా అరుపు విని డ్రైవరన్న పరిగెత్తుకొచ్చినాడు. అప్పుడే షువైఖ్ నుంచి వచ్చినట్టున్నాడు, చేతిలో ఆ గొట్టం మూతి ఉంది. గది మధ్యలో నిలబడి ముందు కుంపటిని చూసినాడు, తర్వాత కిటికీని చూసినాడు. మూతి కింద పడేసి, గోళ్లతో టేపు పీకి కిటికీ రెండు రెక్కలూ తెరిచినాడు. మసి పడతాది ఆమె మీద, మూయి అని నేను ఆయన మీద పడి కొట్టినాను.

"రానీ, చెల్లెమ్మా," అన్నాడు. కుంపటి ఎత్తుకొని పోయి పెరట్లో నీళ్లు పోసినాడు.

వీధిలో మిగిలిన నలుగురు మగవాళ్లు వచ్చి తీసుకొనిపోయి మట్టి చేసినారు. ఉబ్బసం మనిషి, ఈ పొగకు ఎట్ల తట్టుకుంటాది, బావుల పొగే మింగేసింది అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. అప్పటికి నిజంగానే అదే అనుకున్నాను.

బాబా, మామా కొన్ని వారాలకు వచ్చినారు. తల్లి మంచం ముందు బాబా నేల మీద కూర్చుండిపోయినాడు. లేచి వచ్చి, నా తల మీద ముద్దు పెట్టి, మా రక్తం పంచుకున్నోళ్లు కూడా ఎల్లిపోయినారు, నువ్వు నిలిచినావు అన్నాడు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లందరికీ మామా నన్ను చూపించి చెప్పేది. నేను తల వంచుకొని కాఫీ పోసేదాన్ని. ఆ మెప్పు నాకు బాగానే ఉన్నింది, ఎందుకు అబద్ధం చెప్పేది?

మరుసటి చలికాలం మామా చెల్లెలు ఇంటికి వచ్చింది. ఆమె గదిలోకి అదే కుంపటి తీసుకొనిపోయి తలుపు మూయబోతే ఆమె నన్ను కసిరింది. మూసిన గదిలో బొగ్గు పెడితే మనిషి నిద్రలోనే పోతాడు, పొగ కనపడదు, వాసన రాదు, ముందు తల నొస్తాది, పోయినాక మొహం ఎర్రగా ఉంటాది, నీకు తెలియదా అనింది. కుంపటి పట్టుకొని అట్లే నిలబడిపోయినాను. చేతులు కాలతాండాయని కూడా తెలియలేదు.

ఆ సాయంత్రం డ్రైవరన్నను గేటు దగ్గర నిలదీసినాను. నీకు ఆ దినమే తెలుసా అని. తల ఊపినాడు.

"తెలిసి చేసినావా చెల్లెమ్మా నువ్వు? ఆకాశం నిండా పొగ ఉన్నింది. దాని మీదనే ఉండనీ," అన్నాడు.

ఉండనిచ్చినాను. ఇంకా ఆరేండ్లు ఆ ఇంటి అన్నం తిన్నాను. వాళ్ల పసిబిడ్డను నా చేతిలో పెట్టి పోయేవాళ్లు, నీకంటే నమ్మకమైన మనిషి ఎవురున్నారు అనేవాళ్లు. అన్న ప్రతిసారీ, చెప్పేద్దామని మాట నోటిదాకా వచ్చేది. ఊరంతా జడిపించే నోరు, ఆ ఒక్క మాటకు పెగల్లేదు. డ్రైవరన్న ఇప్పుడు లేడు. బాబా కూడా పోయినాడని విన్నాను. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు చెప్తాండా.

తెలియక చేసినాను అనుకొని ఎట్లనో ఓర్చుకుందును. ఓర్చుకోలేనిది వేరే. మా అమ్మ ఆఖరికి ఏమనింది అని బాబా తిరిగొచ్చిన దినం నన్ను అడిగినాడు. మీ పేరే తలిచింది అని చెప్పినాను. ఆయన కండ్లు మూసుకొని దేవుడికి దండం పెట్టుకున్నాడు. ఆమె తలిచింది కొడుకును కాదు. జీవితమంతా ఆ దువ్వా పక్కన కూర్చున్న మనిషి, ఆమెకు తెలుసు. ఆ మూడో దినం పొద్దున ట్యాంకరుకు పోయేదానికి నేను బిందెలు తీసుకుంటాంటే చెయ్యెత్తి చూపించి, దిరీషా, దిరీషా అనింది. వాళ్ల భాషలో కిటికీ. మసి వస్తాది, నీకేం తెలుసు, గమ్మున పండుకో అని కసిరి, ఊడొచ్చిన టేపు మూలను బొటనవేలితో ఒత్తి తలుపేసుకొని పోయినాను.