ఆఖరి రీలు లేని సినిమా

ఆ రోజుల్లో సినిమా అంటే పేర్లు పడ్డప్పటి నుంచి 'శుభం' దాకా చూసేదనే నమ్మేదాన్ని. ఆ నమ్మకం పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక యూనివర్సిటీలో పోయింది. పెళ్లయిన కొత్త. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని మానేసి, అక్కడ పాత సినిమాలు భద్రపరిచే విభాగంలో అటెండరుగా కుదిరాను. (ఐదో తరగతి చదువుకు అదే పెద్ద కొలువు.) మా కిరాయింట్లో మనుషులకు ఫ్యానే సరిగా తిరిగేది కాదు గానీ, అక్కడ డబ్బాల్లో ఉన్న రీళ్లకు ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా ఏసీ!

రోజూ సినిమాలే కదా అని సంబరపడ్డాను. వేసేవారు, కానీ చూడనిచ్చేవారు కాదు. పాఠం చెప్పే మేడం ఒక ముక్క వేసి ఆపేవారు. వెలుగు ఎటు నుంచి పడుతోంది, కెమెరా ఎందుకు దగ్గరికొచ్చింది అని పిల్లల్ని అడిగి, మళ్లీ అదే ముక్క వేసేవారు. ఒక నలుపు తెలుపు సినిమాలో, అత్తింట్లో మాట పడలేక ఒకామె ట్రంకు పెట్టెతో రైలు స్టేషనుకు వస్తుంది. మొగుడు పరుగెత్తుకొచ్చి పెట్టె పట్టుకుంటాడు. రైలు కూత వేస్తుంది. అంతే, తెర తెల్లబడుతుంది. చాయ్ గ్లాసులతో తలుపు దగ్గర నిలబడ్డ నా ప్రాణం గిలగిల్లాడేది.

"మేడం, జెర ముందుకు నడిపియ్యరాదుండ్రి. ఆమె రైలెక్కిందా, లేదా?"

"ఆఖరి రీలు దొరకలేదమ్మా. ఉన్నకాడికే దాచినం."

ఆ సినిమా మీద పరిశోధన చేస్తున్న కళ్లజోడు పిల్ల, అలమారలోంచి దాని పాటల పుస్తకం తీసి చూపించింది. కథంతా రాసి, చివర్లో 'మిగతా కథ వెండితెరపై చూడండి' అని ఉంది. (తెరను అడిగితే అట్లా, పుస్తకాన్ని అడిగితే ఇట్లా!)

"అప్పట్ల చూసినోళ్లు ఎవరన్న దొరికితే మంచిగుండు అక్కా," అంది పిల్ల.

"మా అత్తమ్మ పాత సినిమా ఒక్కటి ఇడిసిపెట్టలే. నడువు," అని ఆదివారం నాడు జోగిపేటకు తీసుకెళ్లాను. అత్తమ్మ చెల్లెలు, మా చిన్నత్తమ్మ కూడా అక్కడే ఉంది. పిల్ల ఇద్దరి నడుమ టేపురికార్డరు పెట్టి ముగింపు అడిగింది.

"ఎందుకు ఎర్కలేదు! సంగారెడ్డి టాకీసుల సూసినం. రైలెక్కలే ఆమె. మొగడు బతిమిలాడి ఇంటికి తోల్కపోయిండు," అంది అత్తమ్మ.

"నీ మొకం! రైలెక్కింది. పట్నంల పంతులమ్మ అయింది," అంది చిన్నత్తమ్మ.

"నా పక్కన్నే కూసుంటివి గదనే!"

"కూసున్న గనుకనే చెప్తున్న!"

మాటకు మాట పెరిగింది. అప్పటిదాకా అరుగు మీద బీడీ కాలుస్తున్న మామ పకపకా నవ్వాడు. "వీళ్లనేం అడుగుతవ్ బిడ్డా! మా ఆఖరి బస్సు సినిమా అయిపోకముందే పోతుండె. ఒక్క సినిమా గూడ సివరిదాక సూడలే. ముగింపులన్ని బస్సుల కూసొని అల్లుకునుడే!"

మరుక్షణం అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకటై మామ మీద పడ్డారు. "బస్సు పోతది, లేవుర్రి లేవుర్రి అని ఉరికిచ్చింది నువ్వు గాదు?"

నా ఆశ అక్కడే నీరుగారిపోయింది. పిల్ల మొహం మాత్రం వెలిగిపోయింది. "ఇది ఏ పుస్తకంలో లేదక్కా!" అంటూ, బస్సులో ఇంకా ఎవరెవరుండేవారు, ఎవరి ముగింపు గెలిచేది అని పొద్దుగూకేదాకా వాళ్లను వదల్లేదు.

తర్వాతి వారం మేడం ఆ ముక్కను రైలు కూత దాకా వేసి, టేపు వినిపించారు. పిల్లలు పడీపడీ నవ్వారు. "ఇన్నాళ్లు తెర మీదున్నదే చదివినం. చూసినోళ్లు దాన్ని ఏం చేసుకున్నరో కూడా చదవాలె," అని చెప్పి, మేడం నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. ఆమె ఏం చేసి ఉంటది?"

కొంగుకు చేతులు తుడుచుకుంటూ చెప్పాను. "ఇంటికి వాపస్ పోయింది మేడం. ఏడికి పోతది మరి? పెట్టె ఆయన చేతులనే ఉండె."

అందరూ గబగబా రాసుకున్నారు.

ఆ రీలు ఇప్పటికీ దొరకలేదట. కూర తరుగుతూ ఎప్పుడైనా గుర్తుకొస్తే, అప్పటి నాలోని కొత్త పెళ్లికూతురు ఆమెనెంత తొందరగా ఇంటికి పంపేసిందా అని నవ్వొస్తుంది. ఇప్పుడెవరైనా అడిగితే, ముందామెను రైలెక్కించి కిటికీ పక్కన కూర్చోబెడతాను. పెట్టెదేముంది, మొగుడు తర్వాతి బండికి మోసుకొస్తాడు.