మగ్గం మధ్యలో దగ్గు

మా నాన్న ఆదోనిలో పత్తి కమీషన్ వ్యాపారి. ఏ సరుకునైనా రెండు వేళ్ల మధ్య నలిపి చూశాకే మాట్లాడతాడు. బెంగళూరులో మ్యూజిక్ ప్రొడక్షన్, పెర్ఫార్మెన్స్ అనే డిగ్రీలో చేరతానని చెప్పినప్పుడు నలపడానికి ఏమీ దొరక్క తన కండువా అంచు నలిపాడు.

“అంటే పాడేదానికా, మైకు సెట్టు పెట్టేదానికా?”

“రెండూ నేర్పిస్తారు నాయనా.”

“మంచిదే. ఒకని కూలి మిగుల్తాది.”

దాన్ని అనుమతి కింద జమ కట్టుకున్నాను. షరతు మెల్లగా వచ్చింది. “సదువు అయినాక ఒక సంవత్సరం సూస్తా. ఉద్యోగం వచ్చిందా, నీ దావ నీది. రాలేదా, వచ్చి మండీలో నా పక్కన కూసో.”

విశ్వవిద్యాలయం ప్రైవేటుది. స్టూడియో గోడలకు పరుపులు కుట్టి ఉండేవి. జిన్నింగు మిల్లుల మధ్య పెరిగిన నాకు నిశ్శబ్దానికి ఇంత ఖర్చు పెడతారని అక్కడే తెలిసింది. రికార్డింగు చెప్పే ఆయన జుట్టు ముడి వేసుకునేవాడు. మొదటి రోజే “నన్ను సార్ అనొద్దు, పేరుతో పిలవండి, ఇక్కడ అందరం కళాకారులమే” అన్నాడు. మా ఊళ్లో బస్సు కండక్టరును కూడా సార్ అంటాం. అందుకని చదువు అయ్యేదాకా ఆయన్ని ఏమీ పిలవకుండా నెట్టుకొచ్చాను. దగ్గరికెళ్లి నిలబడి గొంతు సవరించుకునేవాణ్ని. ఇక్కడ మాత్రం సార్ అనే రాస్తాను. నాకు చేతనైన ప్రతీకారం ఇంతే.

చివరి ఏడాది ప్రతి ఒక్కరూ తమ ప్రాంతపు శబ్దం ఒకటి రికార్డు చేసుకొచ్చి, దాని మీద పాట కట్టి, వేదిక మీద వాయించాలి. మార్కులు సరే, అసలు సంగతి వేరు. చదువయ్యాక స్టూడియోల చుట్టూ తిరిగేటప్పుడు చూపించుకోవడానికి మా దగ్గర ఉండేది ఆ పాటే. పట్టాను ఎవరూ చెవికి పెట్టుకుని వినరు కదా.

నేను ఎమ్మిగనూరు పోయాను. ఇంటర్లో నాతో చదివిన స్నేహితుడి ఇల్లు అక్కడ. వాళ్ల నాన్నను చిన్నాయనా అని పిలిచేవాణ్ని. ముందుగది నేలలో గుంత, గుంతలో కాళ్లు పెట్టుకుని మగ్గం మీద తువాళ్లు నేస్తూ ఆయన. వీధి మొదట్లో ఆటో దిగేసరికే అన్ని ఇళ్లలోంచీ ఆ చప్పుడు. నా గుండె కూడా కొంచెం ఆ తాళానికే కొట్టుకుంది. ఇంట్లోకి వెళ్లి, రికార్డింగు కోసం వచ్చానని చెప్పి, మైకు నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తలెత్తితే మగ్గం ఆగిపోయి ఉంది.

“ఏం చిన్నాయనా, నిలిపితివి?”

“రికార్డింగు అంటివి గదప్పా. సప్పుడు ఉండకూడదని.”

చిన్నమ్మ అప్పటికే ఫ్యాను ఆపేసింది. నేను ఇంకో మాట అనేలోపు గడపలో నిలబడి వీధంతా వినపడేలా కేక పెట్టింది. “యక్కా, మీవి గూడా ఆపండి! బెంగళూరు నుంచి రికార్డింగుకు వచ్చినారు!” ఒక్కో ఇంట్లో మగ్గం ఆగుతూ వచ్చింది. చేనేత వీధిలో పట్టపగలు అంత నిశ్శబ్దాన్ని రికార్డు చేసినవాణ్ని బహుశా నేనొక్కణ్నే.

“నాకు ఆ సప్పుడే కావాల చిన్నాయనా.”

“ఈ సప్పుడా? దీన్నేం సేసుకుంటావప్పా?”

“పాట కడతా.”

ఆయన చిన్నమ్మ వంక చూశాడు. పిల్లోనికి ఒంట్లో బాగుందా అన్నట్టుగా. తర్వాత లోపలికెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి కూర్చున్నాడు. మైకుకు చొక్కా కనపడదని నేను చెప్పలేదు. మొదట్లో ఫొటోకి నేసినట్టు నేశాడు, మెల్లగా, మర్యాదగా. చాలాసేపటికి మైకును మరిచిపోయి మామూలు వేగంలో పడ్డాడు. దారం మోసే నాడె ఉరుకు, కాలి తొక్కుడు, మధ్యమధ్య పత్తి దుమ్ముకు వచ్చే పొడి దగ్గు. ఆ దగ్గు తాళం మీదే పడేది. మా కాలేజీలో డ్రమ్ములు కొట్టేవాళ్లెవరూ అంత కచ్చితంగా పడగా నేను వినలేదు. ఆ ముక్కనే తీసుకున్నాను. దాని మీద హార్మోనియం వాయిస్తూ పాడాను.

పరీక్ష రోజు హాల్లో చప్పట్లు బాగానే వచ్చాయి. సార్‌కు మాత్రం ఒక అభ్యంతరం ఉంది.

“బాగుంది. కానీ ఆ దగ్గు తీసెయ్. నాయిస్.”

“అది తీస్తే మగ్గం దగ్గర మనిషి ఉండడు” అన్నాను.

“మనిషి మనకు అవసరం లేదు. మగ్గం చాలు.”

తీయలేదు. మార్కులు తగ్గాయి. మొండితనానికి ఆ మాత్రం తరుగు ఉండాలిలే అనుకుని పట్టా తీసుకుని ఆదోని వచ్చేశాను. నాన్న ఇచ్చిన సంవత్సరం మొదలైంది.

అది సగానికి వచ్చాక ఒక ఉదయం కటింగు షాపులో గడ్డం చేయించుకుంటున్నాను. టీవీలో ఏదో పట్టుచీరల దుకాణం ప్రకటన. నగలన్నీ వేసుకున్న ఒక అమ్మాయి మగ్గం ముందు కూర్చుని, నాడెను దువ్వెన పట్టుకున్నట్టు పట్టుకుని నవ్వుతోంది. వెనక మగ్గం చప్పుడు. నాలుగు దెబ్బలు, ఒక పొడి దగ్గు.

“కదలొద్దప్పా, గీసుకుంటాది” అన్నాడు మంగలి. అప్పటికే గీసుకుంది.

చెంపకు దూది అంటించుకుని ఫోన్‌లో వెతికితే ఆ ప్రకటన సార్ పేజీలోనే ఉంది, శబ్దం తనదని రాసి. అక్కణ్నుంచే ఆయనకు ఫోన్ చేశాను. ఆయన దాచలేదు. ఆ విషయంలో నిజాయితీపరుడు.

“విన్నావా? నీ పని దేశమంతా వింటోంది. సంతోషించాలి.”

“నా పేరు ఎక్కడా లేదు.”

“ప్రకటనల్లో ఎవరి పేరూ వేయరు.”

“మీ పేజీలో శబ్దం మీదని పెట్టుకున్నారు.”

“చూడు, రికార్డరు మనదే, స్టూడియో మనదే. విద్యార్థులు వాటితో చేసిందంతా సంస్థదే. చేరినప్పుడు సంతకం చేశావు.”

సంతకం చేశాను. హాస్టలు గదికి, మెస్సుకు, దీనికి కలిపి ఒకే రోజు చేశాను.

“పోనీ, దగ్గు? తీసేయమన్నారు కదా?”

“అప్పుడు అది నాయిస్” అన్నాడు ఓపిగ్గా, ఇంకా క్లాసులోనే ఉన్నట్టు. “ఇప్పుడు అది టెక్స్చర్.”

ఆ తర్వాత కొన్నాళ్లకు హైదరాబాదులో ఒక స్టూడియో వాళ్లు రమ్మన్నారు. పిలిచింది వాళ్లొక్కరే. లోపల ఇద్దరున్నారు. నా పాట పెట్టారు. మగ్గం మొదలవగానే ఒకాయన మొహంలో సంతోషం కనపడింది. అది గుర్తుపట్టిన సంతోషమని నాకు వెంటనే తెలియలేదు.

“ఇది చీరల ప్రకటనలోది కదా?”

“నేను రికార్డు చేసిందే సార్. ఎమ్మిగనూరులో.”

“అవునా?” అన్నాడు. ఆ ‘అవునా’లో చాలా మర్యాద ఉంది. నా దగ్గర మూలం ఫైలు ఉందన్నాను. ఫైళ్లు అందరి దగ్గరా ఉంటాయన్నాడు. రెండో ఆయన కొంచెం దయగలవాడు, లిఫ్టు దాకా వచ్చాడు. “కనీసం ఆ దగ్గయినా తీసేసి ఉండాల్సింది బాబూ. దొరికిపోయావు.”

బస్సులో నాకొక ఉపాయం తట్టింది. మళ్లీ ఎమ్మిగనూరు పోవాలి. ఆయన నేస్తుండగా, దగ్గుతుండగా ఈసారి వీడియో తీయాలి. మగ్గం, మనిషి, దగ్గు, పక్కన నేను. అప్పుడు ఎవరు కాదంటారో చూద్దాం.

వెళ్లేసరికి ముందుగదిలో గుంత లేదు. పూడ్చి బండలు పరిచారు. మగ్గం ఉన్నచోట ఫ్రిజ్ ఉంది. చిన్నాయన పెట్రోలు బంకు యూనిఫారంలో, డ్యూటీకి పోబోతూ కనపడ్డాడు.

“మగ్గం యాడికి పాయ చిన్నాయనా?”

“తీసేస్తిమప్పా. తువాళ్లకు గిట్టుబాటు యాడుంది?”

“ఒక మంచి అయినాది” అంది చిన్నమ్మ. “మగ్గం పోయినాక ఆ దగ్గు గూడా పోయినాది. ఇప్పుడు సుబ్బరంగా నిద్ర పోతాండాము.”

అది సంతోషించాల్సిన విషయం. సంతోషించాను, కాస్త ఆలస్యంగా.

అంతలో ఆమె మొహం విప్పారింది. “అది సరేగానీ, మన మగ్గాన్ని టీవీకి ఎక్కిస్తివి గదా నాయనా! నేను వంటింట్లో ఉండా. దగ్గు ఇనపడె. ఈయప్ప అప్పుడే ఎట్ల వచ్చినాడబ్బా అని బయటికొచ్చి సూస్తే, టీవీ! ఇన్నేండ్లు నాకు నిద్ర లేకుండా సేసిన దగ్గు, నాకు తెలీదా?”

“అది నేను వేయించలేదు చిన్నమ్మా. మా సార్ నాకు చెప్పకుండా...”

“మీ సారా? సల్లగుండనీ. గురువంటే అట్లుండాల.”

ఎంత విడమరిచి చెప్పినా సార్ మంచితనమే పెరుగుతోంది. పక్కింటివాళ్లు కూడా వచ్చారు. చిన్నాయన బీరువాలోంచి ఆ మగ్గం మీద నేసిన తువాల ఒకటి తీసి నా భుజాల మీద కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ శబ్దం నాదేనని ఒప్పుకున్నవాళ్లు లోకంలో ఆ వీధివాళ్లు ఒక్కరే. వాళ్లకు స్టూడియోలు లేవు.

ఆటో దాకా తోడొచ్చి చిన్నాయన గొంతు తగ్గించాడు.

“ఒక మాటప్పా. ఆ చీరల అంగడోళ్లు మన మగ్గం సప్పుడు వాడుకుండారు గదా. వాళ్ల కాడ నేత పని ఏమన్నా ఉంటాదేమో అడుగుతావా? బంకులో ఎండకు నిలబడలేకపోతాండా. నువ్వు సెప్తే ఇంటారు.”

“సెప్తాలే చిన్నాయనా” అన్నాను.

ఆదోని బస్సులో తువాల కప్పుకునే కూర్చున్నాను. సార్‌కు మళ్లీ ఫోన్ చేయనని ఒట్టు పెట్టుకుని ఉన్నాను. మెసేజ్ గురించి పెట్టుకోలేదు. చాలాసేపు దిద్ది దిద్ది రాశాను: “సార్, ఆ మగ్గం నేసిన ఆయనకు పని కావాలి. ఆ దుకాణం వాళ్లతో మీరొక మాట చెబితే చాలు సార్.”

నాన్న ఇచ్చిన సంవత్సరం ఇంకా అయిపోలేదు. అయినా పొద్దున్నే లేచి, తలకు నూనె పెట్టుకుని మండీకి పోయాను. నాన్న నన్ను చూశాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు. పెద్దకడుబూరు రైతు తెచ్చిన పత్తిని రెండు వేళ్ల మధ్య నలుపుతుండగా ఫోన్ మోగింది. సార్ జవాబు. చివర నవ్వుతున్న బొమ్మ.

“నన్ను సార్ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాను?”