పులికి వీపు తిప్పి కూర్చున్న మేనత్త

మా మేనత్త చనిపోయిందన్న కబురు ఆఫీసు క్యాబులో ఉండగా వచ్చింది. సోమవారం పొద్దున, వారం మొదటి మీటింగులో ఏం చెప్పాలా అని కాగితం చూసుకుంటున్నాను. ఆమె కొడుకు, మా బావ, ఫోన్లో రెండే ముక్కలు చెప్పాడు. "అమ్మ పోయిందిరా. జల్ది రా." ముందురోజు మామూలుగానే తిని పడుకుందట, తెల్లారి లేవలేదు. క్యాబు దిగి, మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కి, మొయినాబాద్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని సురంగల్ చేరేసరికి వాకిలంతా మనుషులే. అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది. అదెందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాది చేవెళ్ల. బడికి సెలవులిస్తే చాలు, సురంగల్‌లో ఆమె దగ్గర వాలిపోయేవాణ్ణి. ఆమె టమాట, బీర, పాలకూర పండించేది. వాళ్ల బావిలోనే నాకు ఈత వచ్చింది. నడుముకి సొరకాయ బుర్ర కట్టి, నీళ్లలోకి ఒక్క తోపు తోసి, గట్టుమీద కూర్చుని నవ్వేది. "చేతులు కొట్టు, కాళ్లు కొట్టు. నన్నేం జూస్తవ్?" అని కేకలు. నేను మునిగిపోతానన్న ఫికర్ ఆమెకి ఏనాడూ ఉన్నట్టు లేదు.

ఆమెకి ఒక అలవాటుండేది. దారిన పోయేవాళ్లెవరైనా దూపవుతున్నదని వాకిట్లోకొస్తే, నీళ్ల చెంబు చేతికిచ్చి పక్కకు తిరిగి నిలబడేది. బర్రెలు గోలెంలో మూతి పెట్టినా అంతే, అటు తిరిగేది. ఎందుకట్ల అని ఒకసారి అడిగాను.

"మనం జూస్తుంటే కడుపునిండ తాగుతరా? సిగ్గువడి సగంల లేస్తరు."

"బర్రెకు సిగ్గేంది అత్తా?"

"నీకేం ఎర్క?" అని నెత్తిన ఒకటి మొట్టింది. నేను పగలబడి నవ్వాను.

నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక సురంగల్ వెళ్లడం తగ్గింది. వెళ్లినప్పుడు మాత్రం ఆమె టీవీ ముందు కనబడేది. అడవి జంతువుల చానల్ పెట్టుకుని, టీవీలో మాట బంద్ చేసి చూసేది. ఇంగ్లీషు అర్థం కాక కాదట, "వాటికి మాటలెందుకు?" అనేది. మా ఆఫీసువాళ్లం మహారాష్ట్రలో ఉన్న పేరుమోసిన పులుల పార్కుకి పోతున్నామని ఒకసారి గొప్పగా చెప్పాను. ఆమె టీవీ మీదనుంచి కళ్లు తిప్పకుండానే, "నన్ను గుడ తోల్కపోరాదు బిడ్డా" అంది. ఇంట్లోవాళ్లని తెచ్చుకోవచ్చని ఆఫీసులో ముందే అన్నారు కాబట్టి, సరేనన్నాను.

ఏ కాలంలో వెళ్లాలో తేల్చే పని మా టీంలో నాకే అప్పగించారు. నేను నెలలన్నీ ఎక్సెల్ షీటులో పెట్టి, ఒక్కోదానికి మార్కులు వేశాను. వానాకాలం పార్కు మూసేస్తారు. చలికాలం పచ్చగా ఉంటుంది కానీ, గడ్డి ఎత్తుగా ఉండి జంతువులు కనబడవు. మే నెలకి అన్నిటికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ లెక్క ఆమెకి కూడా విప్పి చెప్పాను.

"ఎండకు కుంటలన్నీ ఎండిపోతయి అత్తా. ఒక్క నీళ్ల గుంటనే మిగుల్తది. పులైనా, దుప్పైనా ఆడికి రాక తప్పదు. మనం ఆన్నే జీపుల కూసోని చూడొచ్చు."

ఆమె ముఖం మారింది. "గట్లయితే అప్పుడొద్దు బిడ్డా. ఆనలు పడి, అడవిల నీళ్లు నిండినంక పోదాం. కనబడితే కనబడ్డయి, లేకుంటే లేదు."

కనబడకపోతే పోవడం దేనికని నాకు చిరాకేసింది. అప్పటికే అందరూ సెలవులు పెట్టేశారు. ఆమెతో వాదించే ఓపిక లేక, పార్కు మే నెలలోనే తెరుస్తారని అబద్ధం చెప్పాను. "సదువుకున్నోనివి, నీకే తెలుస్తది" అని ఊరుకుంది. నా మాటమీద నమ్మకంతోనే మే నెల ఎండలో అంతదూరం వచ్చింది.

పొద్దున ఆరింటికే నీళ్ల గుంట చుట్టూ జీపులు వరస కట్టాయి. గుంటలో నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. గంటసేపు కూర్చున్నాక వెదురు పొదలోంచి ఆడపులి బయటికొచ్చింది. డొక్కలు ఎగరేస్తోంది, నాలుక బయటికి వేలాడుతోంది. జీపుల్ని చూసి ఆగింది. రెండడుగులు వేసి, మళ్లీ పొదలోకి పోయింది. మళ్లీ వచ్చింది. కెమెరాలు టకటకమంటున్నాయి. నేను ఆనందం పట్టలేక పక్కకి చూస్తే, మేనత్త కొంగు నెత్తిమీదికి లాక్కుని, సీటులో వెనక్కి తిరిగి, పులికి వీపు పెట్టి కూర్చుంది.

"అత్తా, అటు గాదు, ఇటు! పులి!"

"తాగనియ్యి బిడ్డా."

ముందు సీటులోంచి మా టీం లీడర్ తిరిగి, ఆమెకేమైందని అడిగాడు. "భయం సార్, పల్లెటూరి మనిషి" అన్నాను. జీపంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆమె చెవి దగ్గరకి వంగి, "ఇంతదూరం తోల్కొస్తే పరువు తీస్తున్నవ్" అన్నాను. ఆమె తిరగలేదు. పులి నీళ్లు తాగిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు, నేను దాని ఫొటోలు తీసుకోవడంలో ఉన్నాను.

బసకి తిరిగి వచ్చేటప్పుడు, కోపంగా కాదు, మామూలుగానే అంది. "నీళ్లకు అచ్చినప్పుడు మంది జూస్తుంటే ఎట్లుంటదో నాకెర్కే బిడ్డా."

ఆమె దేని గురించి అంటోందో ఆ జీపులో నాకొక్కడికే తెలుసు.

అంతకు రెండేళ్ల ముందు ఎండాకాలం, మా టీం వాళ్లం సురంగల్ నుంచి చిన్న మంగళారం దిక్కు పోయే దారిలో ఒక ఫామ్‌హౌస్ ఒక రోజుకి కిరాయికి తీసుకున్నాం. చుట్టూ లోతైన బోర్లు పడ్డాక ఊళ్లో బావులు ఎండిపోయాయి. నేను ఈదిన బావిలో తుమ్మచెట్టు మొలిచింది. మధ్యాహ్నం ఒక గంట, ఫామ్‌హౌస్ గేటు పక్కన నల్లా విప్పేవాళ్లు. ఊరి ఆడవాళ్లు బిందెలతో వరస కట్టారు. మాతో ఉన్న ఒకతను కొత్తగా డిజిటల్ కెమెరా కొన్నాడు. రంగురంగుల బిందెలు బాగున్నాయని, దగ్గరికి పోయి ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. నేను నిక్కరు వేసుకుని, తడి జుట్టుతో అతని పక్కనే నిలబడ్డాను.

వరసలో అందరికంటే ముందు మా మేనత్త.

నన్ను చూసింది. ముఖం విచ్చుకుంది, పిలవబోయింది. నేను చప్పున ఈతకొలను వైపు తిరిగిపోయాను. ఎవరో పిలిచినట్టు "ఆ, వస్తున్న" అని కూడా అన్నాను. మళ్లీ చూసేసరికి ఆమె బిందె నెత్తినెత్తుకుని వెళ్లిపోతోంది. తర్వాతి ఆదివారం ఇంటికి వెళ్తే, "పని శాన ఉన్నదా బిడ్డా, చిక్కిపోయినవ్" అని పెసర గారెలు పెట్టింది. ఆ రోజు సంగతి ఎత్తలేదు. నేను సిగ్గులేకుండా గారెలు తిన్నాను.

పార్కు నుంచి వచ్చాక, వానలయ్యాక కూడా తెరుస్తారట, అప్పుడు మనిద్దరమే మళ్లీ వెళ్దామన్నాను. నిజంగానే అన్నాను. అక్కడే ఆమెకి ఆ నల్లా సంగతి చెప్పి, తప్పయిందనాలని అనుకున్నాను. "అప్పుడైతే జూస్త" అని ఒప్పుకుంది. ఆ ఏడు వానలు బాగా కురిశాయి. పార్కు తెరిచే రోజు కూడా కనుక్కున్నాను. ప్రాజెక్టు అయిపోనీ అని సెలవు పెట్టలేదు. ఇంతలో ఆ సోమవారం వచ్చింది.

పదొద్దుల కర్మకి దండ వేయడానికి ఆమె ఫొటో కావాలని బావ అడిగాడు. ఇంట్లో ఉన్నవన్నీ పెళ్లిళ్ల గుంపు ఫొటోలు, మొహం గోరంత. నా దగ్గర పార్కువి ఉన్నాయి కానీ, వాటిలో కొంగు, వీపు తప్ప ఏమీ లేవు. చివరికి ఆ కెమెరా అతనికి ఫోన్ చేశాను. "ఆ నల్లా దగ్గరి ఫొటోలు కావాలి. అందులో ముందున్నావిడ మా మేనత్త" అన్నాను. "మరి అప్పుడు చెప్పలేదే?" అన్నాడు. సాయంత్రానికల్లా పంపాడు.

చేవెళ్లలో ఫొటో స్టూడియోకి తీసుకెళ్లాను. స్టూడియో అతను కంప్యూటర్లో బిందె తీసేశాడు, నల్లా తీసేశాడు, వెనకున్న ఆడవాళ్లని తీసేశాడు, నీలం రంగు వేశాడు. మొహం ఒక్కటే మిగిలాక ఆగి, "అన్నా, నోరు జర తెరిచున్నది. మూసినట్టు చెయ్యాల్నా?" అని అడిగాడు. వద్దన్నాను.

ఇప్పుడది సురంగల్‌లో గోడకుంది. వచ్చినవాళ్లంతా ఎంత సక్కగున్నది అంటున్నారు. పదొద్దుల నాడు బావ దండ వేసి, వెనక్కి జరిగి చాలాసేపు చూశాడు. "ఎవర్నో పిలుస్తున్నట్టే ఉన్నది గదరా. ఎవర్ని పిలుస్తుండెనో" అన్నాడు.

నేను అప్పుడు కూడా చెప్పలేదు.